నాందేడ్ హుజూర్ సాహిబ్: మధ్యాహ్నం ఒక చుట్టు చుట్టి వస్తే సగమే చూసినట్టు

మహారాష్ట్ర సరిహద్దులో ధర్మాబాద్, బిలోలి, కుండల్‌వాడి, దెగ్లూర్ వైపు తెలుగువాళ్లకు నాందేడ్ అంటే దవాఖాన, పెళ్లి బట్టలు, కలెక్టరాఫీసులో కాగితాల పని, పిల్లల కాలేజీ. పని కాగానే స్టేషనుకు ఉరుకుడే. మధ్యలో రెండు గంటలు మిగిలితే "గురుద్వారకు పోయి దండం పెట్టుకుని, అక్కడే తిని పోదాం" అంటారు. మిట్టమధ్యాహ్నం పాలరాయి మీద కాళ్లు కాలుతుంటే గబగబా ఒక చుట్టు చుట్టి, రెండు ఫొటోలు దిగి, పప్పూ రొట్టే తిని బయటపడతారు. ఇంటికొచ్చాక ఎలా ఉందంటే "బాగుంది, బంగారు గోపురం ఉంది" అని ఊరుకుంటారు. ఈ మధ్య బోధన్ నుంచి అక్కా బావా వస్తే అమ్మను కూడా వెంటబెట్టుకుని, రాత్రి అక్కడే ఉండేలా వెళ్లాం. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. తొందర ఉన్నవాళ్లు ఈ ఒక్కటి చదివి వదిలేయండి: సాయంత్రం చేరుకోండి, రాత్రి ఉండండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి.

దారి సంగతి ముందే తేల్చేస్తా. ధర్మాబాద్‌లో రైలెక్కితే ఉమ్రి, ముద్ఖేడ్ దాటుకుని నాందేడ్. నాందేడ్‌కు ముందు మాల్‌టెకడీ అని చిన్న స్టేషను వస్తుంది, చాలామంది కిటికీలోంచి కూడా చూడరు గానీ ఆ పేరున్న గుట్ట దగ్గరా ఒక గురుద్వారా ఉంది, అక్కడ సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ దాచిన నిధి ఉందని సిక్కులు కథ చెప్పుకుంటారు. నాందేడ్ స్టేషన్ బోర్డు మీద ఇప్పుడు "హుజూర్ సాహిబ్ నాందేడ్" అనే ఉంటుంది. బయటికి రాగానే ఆటోవాళ్లు మీదపడతారు. షేర్ ఆటో ఎక్కండి చాలు, దూరం పెద్దగా లేదు. మేము ఎక్కిన ఆటో అతను "అన్ని గురుద్వారాలూ చూపిస్తా" అని ఊరంతా తిప్పే బేరం మొదలుపెట్టాడు, మా బావ హిందీ అర్థం కానట్టు మొహం పెట్టి తెలుగులోనే గట్టిగా మాట్లాడితే గానీ వదల్లేదు.

లోపలికి వెళ్లే ముందు మూడు పనులు. చెప్పులు జోడా ఘర్‌లో ఇచ్చి టోకెను తీసుకోవాలి. ఆడా మగా అందరూ తల కప్పుకోవాలి. టోపీ పెట్టుకున్నాం కదా అంటే కుదరదు, రుమాలు కట్టాల్సిందే, ఆడవాళ్లకు కొంగు చాలు. మూడోది మనవాళ్లకు అసలైన పరీక్ష: జేబులో గుట్కా, తంబాకు, బీడీ కట్ట ఏదున్నా బయటే వదిలేయాలి. సిక్కులకు పొగాకు పూర్తి నిషిద్ధం, ఇందులో మొహమాటాలు ఉండవు. మా బావ తంబాకు డబ్బీని ఎక్కడ పెట్టాలో తెలియక చెప్పుల్లో దాచబోతే అక్క చూసి తీసి చెత్తబుట్టలో వేసింది. ఆయన మూతి సాయంత్రం దాకా ముడుచుకునే ఉంది. తర్వాత కాళ్లు తడిసేలా నీళ్లు పారే చిన్న కాలువలో అడుగుపెట్టి దాటాలి, అక్కడి నుంచి పెద్ద ఆవరణ.

అమృత్‌సర్ చూసొచ్చినవాళ్లు ఇక్కడా కోనేటి మధ్యలో బంగారు గుడి ఉంటుందనుకుని వస్తే నిరాశపడతారు. ఇక్కడ గుడి నేల మీదే ఉంది, చుట్టూ పాలరాయి పరిచిన మైదానం, అంచుల్లో వసారాలు, గదులు. రెండంతస్తుల తెల్లటి కట్టడం, పైన గోపురం, గోపురం మీద బంగారు పూత పూసిన రాగి కలశం. దూరం నుంచి కట్టడం ఎంత పెద్దదో తెలియదు, ఎందుకంటే చుట్టూ ఖాళీ ఎక్కువ. దగ్గరికొచ్చి గోడ పక్కన నిలబడితే అప్పుడు అర్థమవుతుంది. నన్నడిగితే ఆ ఖాళీ పాలరాతి మైదానం మధ్యాహ్నం పూట అందంగా ఉండదు, కళ్లు చెదురుతాయి. ఎండ దిగాక అదే చోటు వేరేలా ఉంటుంది, జనం కింద కూర్చుంటారు, పిల్లలు పరిగెత్తుతారు, కీర్తన మైకులోంచి సన్నగా వినిపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు చరిత్ర. సిక్కులకు అయిదు తఖ్తులు, అంటే మతానికి సంబంధించి అధికారం ఉన్న పీఠాలు. అమృత్‌సర్‌లో అకాల్ తఖ్త్, ఆనంద్‌పూర్‌లో కేశ్‌గఢ్ సాహిబ్, తల్వండీ సాబోలో దమ్‌దమా సాహిబ్, బిహార్‌లో పట్నా సాహిబ్, ఆ తర్వాత మన గోదావరి ఒడ్డున హుజూర్ సాహిబ్. పంజాబు బయట ఉన్నవి రెండే. ఒకటి గురు గోవింద్ సింగ్ పుట్టిన ఊరు పట్నా, ఇంకొకటి ఆయన కన్నుమూసిన ఊరు నాందేడ్. పుట్టింది 1666లో, పోయింది 1708 అక్టోబరు 7న. నలభై రెండేళ్లు కూడా నిండలేదు. ఆ కాస్త జీవితంలోనే 1699లో ఆనంద్‌పూర్‌లో ఖాల్సాను, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమూహాన్ని, స్థాపించాడు, మొగలులతో యుద్ధాలు చేశాడు, నలుగురు కొడుకులనూ పోగొట్టుకున్నాడు. ఖాల్సా స్థాపించిన రోజు తల ఇస్తామని ముందుకొచ్చిన అయిదుగురిని పంజ్ ప్యారే అంటారు. వాళ్లలో సాహిబ్ సింగ్ మన పక్కనున్న బీదర్‌వాడు. దెగ్లూర్ నుంచి బీదర్ ఎంత దూరం? ఈ మాట మా అమ్మకు చెబితే "అయితే మనవాళ్లూ ఉన్నారన్నమాట" అని అక్కడి నుంచి అన్నీ శ్రద్ధగా వినడం మొదలుపెట్టింది.

ఎక్కడో పంజాబు ఆయన ఇంత దూరం ఎందుకొచ్చాడనేది అందరూ అడిగే ప్రశ్న. 1707లో ఔరంగజేబు చనిపోయాక కొడుకుల మధ్య సింహాసనం కోసం గొడవ మొదలైంది. బతికున్నవాళ్లలో పెద్దవాడు బహదూర్ షా గెలిచాడు, ఆ పోరులో గోవింద్ సింగ్ సాయం అతనికి ఉంది. ఇంకో కొడుకు కామ్ బఖ్ష్ మాత్రం దక్కన్‌లో తానే చక్రవర్తినని ప్రకటించుకుని కూర్చున్నాడు. అతన్ని అణచడానికి బహదూర్ షా హైదరాబాదు వైపు బయల్దేరితే గురువు కూడా వెంట వచ్చాడు. గోదావరి దగ్గరికొచ్చాక ఆయన నాందేడ్‌లో ఉండిపోయాడు. అక్కడే గుడారంలో ఒక పఠాన్ ఆయన్ని కత్తితో పొడిచాడు. పంజాబులోని సర్హింద్ ఫౌజ్‌దారు వజీర్ ఖాన్ పంపిన మనిషేనని సిక్కుల చరిత్రకారులు రాస్తారు. ఆయన చిన్న కొడుకులిద్దరినీ గోడలో పెట్టి చంపించింది కూడా ఆ వజీర్ ఖానే. గాయానికి కుట్లు వేశారు, మానుతోంది అనుకుంటుండగా ఒక గట్టి విల్లు ఎక్కుపెట్టబోతే కుట్లు తెగిపోయాయని చెబుతారు. పోయే ముందు, తన తర్వాత మనిషి రూపంలో గురువు ఉండడనీ, గ్రంథమే గురువనీ ప్రకటించాడు. గురుగ్రంథ సాహిబ్‌కు ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ దండం పెట్టినా ఆ నిర్ణయం జరిగిన చోటు ఈ ఊరే. ఆయన చితి పేర్చిన స్థలం మీదే గుడి లోపలి గది ఉంది, దాన్ని అంగీఠా సాహిబ్ అంటారు. భక్తులు బయటి నుంచే దర్శనం చేసుకుంటారు, లోపలికి పూజారి ఒక్కడే వెళతాడు.

కట్టడం మాత్రం అప్పటిది కాదు. 1832లో మొదలుపెట్టి 1837లో పూర్తి చేశారు, డబ్బు పంపింది లాహోర్ నుంచి మహారాజా రంజిత్ సింగ్. అప్పుడు నాందేడ్ నిజాం రాజ్యంలో ఉంది. నిజాం కొలువులో చక్రం తిప్పిన మహారాజా చందూలాల్ నానక్ పంథీ, అంటే గురు నానక్‌ను కొలిచే, ఖత్రీ కుటుంబంవాడని చెబుతారు. ఆయన కాలంలోనే రంజిత్ సింగ్ నుంచి సిక్కు సైనికులను హైదరాబాదుకు రప్పించారు, పన్ను వసూళ్లకూ శాంతిభద్రతలకూ. లాహోరీ ఫౌజు అనేవాళ్లు. వాళ్లలో చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. హైదరాబాదులో అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావనీ ఉందే, అది వాళ్ల వారసులదే. వాళ్లనే దక్కనీ సిక్కులు అంటారు, ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, గురుద్వారాలో పంజాబీ. అంటే నాందేడ్ గుడి రాళ్లు లాహోర్ డబ్బుతో లేచినా, దాని వెనకున్న కథలో సగం హైదరాబాదు రాజ్యానిది, మనది. ఆ రాజ్యం 1956లో మూడు ముక్కలైంది, మన తాలూకాలు మరాఠ్వాడాతో పాటు ఇటు, ఇప్పటి మహారాష్ట్ర వైపు, వచ్చాయి. గురుద్వారా బోర్డు నడిచే చట్టం కూడా అదే 1956లో హైదరాబాదు శాసనసభ చేసిందే. సరిహద్దు ఇవతల తెలుగు మాట్లాడుకుంటూ బతుకుతున్న మనకు ఇది పరాయి ఊరి గుడి ఎలా అవుతుంది?

సరే, సాయంత్రం ఎందుకు వెళ్లాలో చెబుతా. పొద్దు వాలాక ప్రార్థన పూర్తవుతుంది, దీపాలు వెలిగించిన పళ్లెంతో హారతి ఇస్తారు. పంజాబు గురుద్వారాల్లో ఇలా దీపాల హారతి మామూలుగా కనిపించదు. ఇక్కడి పద్ధతులు చాలా పాతవి, దక్కన్‌లో ఉండి అలాగే మిగిలిపోయాయి. మన గుళ్లకు అలవాటుపడ్డవాళ్లకు ఆ హారతి చూస్తే కొత్తగా అనిపించదు, గంటలు, శంఖం, నగారా మోగుతాయి, మా అమ్మ చేతులు వాటంతటవే జోడించుకుంది. గురుగ్రంథ సాహిబ్ పక్కనే గోవింద్ సింగ్ పేరు మీదున్న దసమ్ గ్రంథాన్ని కూడా సమానంగా కొలవడం ఇక్కడి ఇంకో ప్రత్యేకత.

హారతి అయ్యాక అసలైనది: ఆయుధాల దర్శనం. గురువువిగా భద్రపరిచిన బంగారు బాకు, తుపాకీ, 35 బాణాలున్న అంబులపొది, రెండు విల్లులు, రత్నాలు పొదిగిన ఉక్కు డాలు, అయిదు బంగారు కత్తులు ఇక్కడ ఉన్నాయి. మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టి కింద చీటీ అంటించినట్టు చూపించరు. ఒక్కొక్కటి రెండు చేతులతో ఎత్తి, జనానికి కనిపించేలా అటూ ఇటూ తిప్పి, దాని పేరు, అది ఎవరిది, ఎక్కడిది అని చెబుతారు. చెప్పేది పంజాబీ హిందీ కలిసిన భాష, మనకు ముక్కాల్ భాగం అర్థమవుతుంది. కత్తి పైకెత్తినప్పుడల్లా జనం "సత్ శ్రీ అకాల్" అని ఒక్కసారిగా అరుస్తారు. డాలు తిప్పినప్పుడు దీపం వెలుగు రాళ్ల మీద పడి మెరిసింది, నా ముందు కూర్చున్న పంజాబీ ముసలాయన పాగా సర్దుకుని మోకాళ్ల మీద లేచి మరీ చూశాడు, అంత దూరం నుంచి ఇది చూడటానికే వచ్చినట్టున్నాడు. నాకు అన్నిటికంటే విల్లులే మనసులో ఉండిపోయాయి, కుట్లు తెగిన సంగతి అప్పటికే తెలుసు కాబట్టి. ఫోను బయటికి తీయకండి, లోపల ఫొటోలు ఒప్పుకోరు. మా పక్కన ఒకాయన చాటుగా వీడియో తీయబోయాడు, సేవాదార్ (గురుద్వారాలో సేవ చేసే మనిషి) వచ్చి కోపం లేకుండా, నవ్వకుండా ఆయన చేతిలో ఫోను కిందికి దించి వెళ్లిపోయాడు. ముందు చోటు కావాలంటే హారతికి ముందే వెళ్లి కూర్చోవాలి, వెనక నుంచి చూస్తే పాగాలు తప్ప ఏమీ కనబడదు.

తెల్లవారుజామున ఇంకో పని జరుగుతుంది, రాత్రి ఉండమన్నది దానికోసం కూడా. ఇంకా చీకటి ఉండగానే ఒక సేవాదార్ బిందె తీసుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెస్తాడు. ఆ నీళ్లతోనే లోపల కడుగుతారు. రోజూ, వానొచ్చినా వరదొచ్చినా. ఇదే గోదావరి కిందికి వచ్చి, మధ్యలో మన ధర్మాబాద్ దగ్గర బాబ్లీ బ్యారేజీ గేట్లు దాటి, బాసర మెట్లకు తగులుతుంది. బాబ్లీ నీళ్ల పేరెత్తితే మహారాష్ట్ర, తెలంగాణ రెండు వైపులవాళ్లూ కొట్టుకునేదాకా వస్తారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నా.

లంగరు గురించి చెప్పకపోతే అక్కయ్య ఊరుకోదు. అందరికీ తెలిసిందే, కులం మతం అడగరు, డబ్బు అడగరు, వరసలో కింద కూర్చుంటే పెడతారు. గురువు తన దగ్గరుండే భాయి సంతోఖ్ సింగ్‌ను ఇక్కడే ఉండి లంగరు నడపమన్నాడనీ, అప్పటి నుంచీ పొయ్యి ఆరలేదనీ చెబుతారు. రొట్టెలు, పప్పు, కూర, ఒక్కోసారి ఖీర్. పప్పు నల్ల మినుములది, ఉప్పూ కారం తక్కువ. ధర్మాబాద్ మిరపకాయలకు అలవాటుపడ్డ నోటికి మొదటి ముద్ద చప్పగా ఉంటుంది. రెండో రొట్టెకు సరిపోతుంది. రొట్టె వేసేటప్పుడు పళ్లెం ముందుకు చాపకండి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాలి, అందులో వేస్తారు. ఇది తెలియక మనవాళ్లు ఒక చెయ్యి చాపి అడుక్కున్నట్టు పడతారు, వేసేవాళ్లు ఆగి చూస్తారు. అమ్మకు వడ్డించిన సర్దార్జీ మా మాటలు విని "పెద్దమ్మా, ఇంకొకటి వెయ్యనా, మెత్తగుంది" అని అచ్చం మన తెలంగాణ యాసలో అడిగాడు. హైదరాబాదువాడట, ఏటా సెలవు పెట్టుకుని వచ్చి వడ్డన సేవ చేస్తాడట. అమ్మ ఆశ్చర్యంలో వద్దనడం మరిచిపోయి ఇంకొకటి వేయించుకుంది. మనవాళ్లతో ఒక్కటే బాధ, ఫంక్షన్ హాల్లో లాగా పళ్లెంలో వదిలేసి లేవడం. ఇక్కడ అది చాలా తప్పుగా చూస్తారు, తినగలిగినంతే వేయించుకోండి. తిన్నాక పళ్లెం మీరే తీసుకెళ్లి ఇవ్వాలి. ఓపికుంటే గిన్నెలు కడిగే దగ్గర ఒక గంట నిలబడండి, ఎవరూ వద్దనరు. మా అక్క వెళ్లి రొట్టెలు ఒత్తే ఆడవాళ్ల మధ్య కూర్చుంది. భాష రాకపోయినా అరగంటలో వాళ్ల కోడళ్ల సంగతులన్నీ తెలుసుకుని వచ్చింది.

దర్శనం అయ్యాక ఇచ్చే కడాహ్ ప్రసాదం గోధుమ పిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో చేసిన హల్వా. వేడివేడిగా చేతిలో పెడతారు, నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారుతుంది, కర్చీఫు దగ్గర పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లు కొంచెమే అడగండి, ఇస్తారు.

బస ఎలా అంటే, గురుద్వారా యాత్రి నివాసాలు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆధార్ చూపించి పేరు రాయించుకుంటే గది ఇస్తారు, బయటి లాడ్జీలతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. గదులు సాదాగా ఉంటాయి, మంచం, ఫ్యాను, బాత్రూం, అంతకంటే ఆశించకండి. శని, ఆదివారాలూ పండగలూ అయితే ముందే కనుక్కుని వెళ్లడం మంచిది, పంజాబు నుంచి గుంపులు గుంపులుగా దిగుతారు. బావ ముందుగా "నాకు ఏసీ కావాలి" అని స్టేషను వైపు ఒక లాడ్జిలో గది మాట్లాడాడు. దుప్పటి చూశాక అమ్మ లోపల అడుగు పెట్టలేదు. తిరిగి యాత్రి నివాసానికే వచ్చాం, అప్పటికి బావకు తంబాకు లేక అసలే చిరాగ్గా ఉంది.

చుట్టుపక్కల చూడాల్సినవి నడిచి వెళ్లేంత దూరంలో కొన్ని, ఆటోలో కొన్ని. నగీనా ఘాట్ దగ్గర ఒక బంజారా భక్తుడు ఇచ్చిన విలువైన రత్నాన్ని గురువు గోదావరిలో విసిరేశాడని కథ. అతను నొచ్చుకుంటే నీళ్లలో చూడమన్నాడట, అడుగున రత్నాలే రత్నాలట. ఘాట్ మెట్లు బాగున్నాయి, పొద్దున్నే వెళ్లండి. నాకైతే బందా ఘాట్ చరిత్రే గట్టిగా తగిలింది. మాధోదాస్ అనే బైరాగి అక్కడ ఆశ్రమం పెట్టుకుని ఉండేవాడు. గురువును కలిశాక శిష్యుడై బందా సింగ్ అయ్యాడు. గురువు అతనికి అయిదు బాణాలిచ్చి పంజాబుకు పంపాడు. మన గోదావరి ఒడ్డున కళ్లు మూసుకుని కూర్చున్న ఆ బైరాగి 1710లో సర్హింద్‌ను కొట్టాడు, వజీర్ ఖాన్ ఆ యుద్ధంలోనే చచ్చాడు. 1716లో ఢిల్లీలో మొగలులు బందాను చిత్రహింసలు పెట్టి చంపారు. ఇంత జరిగిన చోట ఇప్పుడు ఒక గురుద్వారా, పక్కన నది. నిలబడి ఈ నాలుగు ముక్కలూ పిల్లలకు చెప్పండి, లేకపోతే వాళ్లకు అది ఇంకో తెల్లటి గుడిలాగే కనిపిస్తుంది. హీరా ఘాట్, శికార్ ఘాట్, సంగత్ సాహిబ్, మాతా సాహిబ్ దేవాన్, మాల్ టెకడీ కూడా ఉన్నాయి. అన్నీ ఒకే రోజు అని పట్టుపడితే ఆటోలో ఎక్కడం దిగడమే సరిపోతుంది. గోవింద్ బాగ్‌లో రాత్రి లేజర్ షోలో గురువుల చరిత్ర చూపిస్తారు, పిల్లలు వెంట ఉంటే పనికొస్తుంది, పెద్దవాళ్లకు ఆయుధాల దర్శనం చూశాక అది అంతంతమాత్రం.

2008లో గ్రంథానికి గురుపీఠం దక్కి 300 ఏళ్లయిన సందర్భంగా పెద్ద ఉత్సవం జరిగింది. అప్పుడే ఊరి రూపం మారింది, రోడ్లు వెడల్పయ్యాయి, ఘాట్లు కట్టారు, విమానాశ్రయం సిద్ధమైంది, దానికీ గురువు పేరే. సౌకర్యం పెరిగింది, కాదనను. కానీ పాత గుడి చుట్టూ మరీ ఎక్కువ కొత్త పాలరాయి, ఉక్కు రెయిలింగులు చేరి, రంజిత్ సింగ్ కాలపు కట్టడం ఏదో, నిన్నటిది ఏదో కొత్తవాళ్లు గుర్తుపట్టలేకుండా అయింది. ఇది నా గోల, పంజాబు నుంచి వచ్చేవాళ్లు మాత్రం అదే మెరుపు చూసి మురిసిపోతారు.

బయటి బజారు గురించి ఒక్క హెచ్చరిక. కడియాలు, కృపాణాలు, పాగా గుడ్డలు, దండలు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. కడియం కొనేటప్పుడు అయస్కాంతం పట్టించి, స్టీలా ఇంకేదైనా పూతా అని అడిగే కొనండి. మేము ఒక కొట్లో కొన్న పిల్లల కడియం ఇంటికొచ్చి వారం కూడా కాకముందే పూత లేచిపోయింది. తిండికి మాత్రం ఢోకా లేదు, గట్టి లస్సీ, ఛోలే భటూరే, కుల్చా, అన్నీ పంజాబీ చేతులతోనే. మా బావకు చివరికి ఆ లస్సీతోనే మూడ్ మారింది, మీసాలకు మీగడ అంటుకున్నా తుడుచుకోలేదు.

పండగల్లో వెళ్లాలా వద్దా అనేది మీ ఓపికను బట్టి. దసరాకూ, హోలీ సమయంలో హోలా మొహల్లాకూ పెద్ద ఊరేగింపు తీస్తారు. నిహంగులు, అంటే సిక్కు యోధులు, నీలం బట్టల్లో కత్తులు తిప్పుతూ, గుర్రాల మీద ముందుకు దూకుతూ వెళతారు. గురుద్వారాకు సొంత గుర్రపుశాల ఉంది, గురువు గుర్రాల సంతతే అవి అని చెబుతారు, వాటిని ఊరేగింపులో ముందు నడిపిస్తారు, ఎవరూ ఎక్కరు. దీపావళి ముందు తఖ్త్ స్నానం చేస్తారు, గోదావరి నీళ్లు జనమంతా బిందెలతో తెచ్చి గుడిని, ఆయుధాలను కడుగుతారు. చూడటానికి కన్నుల పండగే, కానీ చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం టెన్షన్. అమ్మలాంటివాళ్లను మామూలు రోజుల్లో తీసుకెళ్లండి, అందులోనూ చలికాలం. ఎండాకాలం పగటిపూట ఆ రాయి మీద చెప్పుల్లేకుండా నడిపిస్తే తర్వాత నాలుగు రోజులు మీరే కాళ్లు పట్టాల్సి వస్తుంది.

తిరుగు ప్రయాణంలో స్టేషన్లో అమృత్‌సర్ వెళ్లే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉంటే ఒకసారి చూడండి, దారిలో స్టేషన్లలో ప్రయాణికులకు ఉచితంగా లంగరు పెడతారని ఆ రైలుకు పేరు. అది మనవైపు రాదు. మనకు సికింద్రాబాద్ వైపు వెళ్లే రైళ్లలో ధర్మాబాద్‌లో ఆగేది ఏదో ముందే చూసుకోండి, అన్నీ ఆగవు. జోడా ఘర్ టోకెను మాత్రం పర్సులో పెట్టుకోండి, జేబులో రుమాలుతో పాటు పెడితే రుమాలు తీసినప్పుడు పడిపోతుంది, ఆ తర్వాత వందల జతల మధ్య మీ చెప్పులు మీరే వెతుక్కోవాలి.